నాలుగు తీగల గుమాస్తా

మా మేనల్లుడు సంక్రాంతి సెలవులకి వస్తూ వస్తూ ఒక గిటారు మోసుకొచ్చాడు. ఇంజనీరింగు చదివే కుర్రాడు గిటారు తేవడంలో వింతేమీ లేదు. గిటారు లేని హాస్టలు గది ఈ రోజుల్లో ఉండదట. వింతల్లా మా అమ్మ కనిపెట్టింది. వాడు పెట్టె మూత తియ్యగానే కళ్ళజోడు సవరించుకుని తీగలు లెక్కపెట్టి, "ఒరేయ్, గిటారుకి ఆరు తీగలుంటాయి కదరా! దీనికి నాలుగే ఉన్నాయేమిటి? కొట్టువాడు మోసం చేశాడేమో చూసుకున్నావా?" అంది.

"ఇది బేస్ గిటార్ అమ్మమ్మా. దీనికి నాలుగే."

"నాలుగే అయితే తంబురా అన్నమాట. వెనకాల కూచుని మీటేది," అని తేల్చేసి, చిక్కుడుకాయల చేట ముందుకి లాక్కుంది.

మేనల్లుడికి ఆ మాట రుచించలేదు. తన వాద్యం తంబురా వంటిది కాదని రుజువు చెయ్యాలి కాబట్టి, ఆ సాయంత్రం నన్ను డాబామీదికి లాక్కెళ్ళి, చెవులకి రెండు డిప్పలు తగిలించి, ఫోనులో ఏదో బొమ్మ పెట్టాడు. నలుగురు తెల్లవాళ్ళు రంగస్థలం మీద నానా హైరానా పడుతున్నారు.

"ఎవర్రా వీళ్ళు?" అన్నాను.

"హూ, మామయ్యా."

"నేనడుగుతున్నదీ అదే."

"వాళ్ళ బ్యాండు పేరే అది. ది హూ!"

'ఎవరు?' అని పేరు పెట్టుకున్నవాళ్ళని నేను అదే మొదలు చూడ్డం. ఆ నలుగురిలో ఒకడు గిటారు పుచ్చుకుని చెయ్యి గాలిమర తిప్పినట్టు తిప్పుతూ గాలిలోకి ఎగురుతున్నాడు. పాడేవాడు మైకుని తాడుతో సహా బొంగరంలా విసిరి పట్టుకుంటున్నాడు. వెనకాల డ్రమ్ముల దగ్గర కూచున్నవాడు మేళం వాయిస్తున్నాడో, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నాడో చెప్పడం కష్టం. నాలుగోవాడు మాత్రం ఒక పక్కగా, బస్సుకోసం నిలబడ్డ మనిషిలా నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏ భావమూ లేదు. కాళ్ళు కదలవు. చేతివేళ్ళు మాత్రం కంటికి ఆనకుండా పరిగెత్తుతున్నాయి.

"ఇప్పుడు ఆయన వాయించేది ఒక్కటే విను," అని మేనల్లుడు ఇంకొకటి పెట్టాడు. అది 1978 మే 25న లండన్ పక్కన షెప్పర్టన్ స్టూడియోలో ఒక చిత్రం కోసం వాళ్ళు వాయించిన కచేరీ. అందులో మిగతా వాద్యాలన్నీ తీసేసి ఆ నాలుగోవాడి వాద్యం ఒక్కటే ఉంచారు. విన్నాను. తంబురా కాదని మాత్రం ఒప్పుకున్నాను. మంద్రస్థాయిలో పుట్టి, పైకి పాకి, గిరికీ కొట్టి, మళ్ళీ సరిగ్గా తాళం పడే చోటికి వచ్చి కూచుంటోంది. అంతసేపూ ఆ నిలబడ్డ మనిషి చేసిన పని అదీ.

ఆయన పేరు జాన్ ఎంట్విసిల్. ఆ రాత్రి మొదలు నాలుగైదు వారాలపాటు ఆయన పాటలు వినడం, ఆయన గురించి దొరికినంత మేరకి చదవడం నాకొక వ్యసనమయింది.

ముందు ఆ వాద్యం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. పూర్వం పాశ్చాత్య సంగీతంలో మంద్రస్వరాలు పలికించడానికి మనిషికన్న ఎత్తైన పెద్ద ఫిడేలొకటి ఉండేది. దాన్ని నిలబెట్టి వాయించాలి, మొయ్యడానికి ఇద్దరు కావాలి. ఎంత మోగినా ట్రంపెట్లూ డ్రమ్ముల ముందు వినబడదు. అమెరికాలో కాలిఫోర్నియాకి చెందిన లియో ఫెండర్ అనే ఆయన 1951లో దానికొక ఉపాయం చేశాడు. గిటారులా మెడలో వేసుకునేట్టు, కరెంటుతో మోగేట్టు నాలుగు తీగల వాద్యం తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. ఆ నాలుగు తీగలూ గిటారులోని అడుగు నాలుగు తీగల స్వరాలే, ఒక స్థాయి కిందికి. మన కచేరీలో శ్రుతికి తంబురా, లయకి మృదంగం అనుకుంటే, ఈ బేస్ గిటార్ ఆ రెంటికీ నడుమ నిలబడుతుంది. డ్రమ్ముతో కలిసి నడక చూపించాలి. పాటకి పునాది స్వరమూ పట్టి ఉంచాలి. మృదంగం తొప్పివైపు నాదం లాంటిది. ఉన్నప్పుడు ప్రత్యేకంగా చెవిన పడదు, లేకపోతే పాట డొల్లగా ఉంటుంది. అందుకే బ్యాండుల్లో ఈ వాద్యం చేతబట్టిన మనిషిని పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. గిటారు సరిగా రానివాడికి ఇది అప్పగించడం కూడా కద్దు.

జాన్ అలాంటివాడు కాదు. ఆ నలుగురిలో పద్ధతిగా సంగీతం నేర్చుకున్నవాడు ఆయనొక్కడే.

పుట్టింది 1944 అక్టోబరు 9న, పడమటి లండన్‌లో. తండ్రి ట్రంపెట్ వాయించేవాడు, తల్లి పియానో వాయించేది. ఆ తల్లి అసలు పేరు మాడ్; అందరూ క్వీనీ అని పిలిచేవారు. పిల్లవాడు ఊహ తెలియకముందే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి బిడ్డని తీసుకుని పుట్టింటికి చేరింది. తాతగారింట్లో పెరిగే పిల్లలకి కాస్త ముందుగానే నోరు కట్టెయ్యడం అలవడుతుంది. ఈ జాన్ కూడా నెమ్మదైనవాడని, మాట తక్కువని పేరు. ఏడో ఏట తల్లి పియానోకి పెట్టింది. అది అతనికి పట్టలేదు. తరవాత తండ్రి వాద్యమైన ట్రంపెట్ పట్టుకున్నాడు. బళ్ళోకి వెళ్ళాక ఫ్రెంచి హార్న్ నేర్చుకుని, జిల్లా బడిపిల్లల వాద్యబృందంలో వాయించాడు. స్వరలిపి చూసి చదవడం, రాయడం అప్పుడే వచ్చాయి. ఇది తరవాత ఎంత అక్కరకొచ్చిందో చెబుతాను.

ఆక్టన్ ఊళ్ళో గ్రామర్ స్కూల్లో చదివేటప్పుడు పీట్ టౌన్షెండ్ అనే పొడుగు ముక్కు కుర్రాడితో స్నేహం కలిసింది. ఇద్దరూ కలిసి పిల్లల జాజ్ మేళం ఒకటి పెట్టారు. జాన్ ట్రంపెట్, పీట్ బాంజో. అది ఎంతో కాలం సాగలేదు. అప్పటికి ఇంగ్లండు కుర్రకారు చెవులన్నీ గిటారు వైపు తిరిగాయి. జాన్‌కి కూడా గిటారు మీద మనసు పోయింది. కాని అతని వేళ్ళు లావు. పైగా డ్వేన్ ఎడ్డీ అనే అమెరికా గిటారిస్టు అడుగు తీగలమీద పలికించే గంభీరమైన నాదం అతనికి మహా ఇష్టం. ఆ రెండూ కలిసి అతన్ని బేస్ గిటార్ దగ్గరికి చేర్చాయి. ఫెండర్ వాద్యం కొనే స్తోమతు లేదు. ఏం చేశాడంటే, ఇంట్లోనే కొయ్య కోసి తనకి తానే ఒకటి తయారుచేసుకున్నాడు.

ఆ సొంత తయారీ వాద్యం చేతబట్టుకుని 1961 ప్రాంతంలో ఒకనాడు వీధిలో నడిచిపోతుంటే, అదే బళ్ళో పైతరగతి చదివి, బళ్ళోంచి గెంటించుకుని రేకుల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన రోజర్ డాల్ట్రీ ఎదురయ్యాడు. అతనికి అప్పటికే ఒక బ్యాండుంది. "నువ్వు బేస్ వాయిస్తావటగా, మాతో చేరతావా?" అన్నాడు. జాన్ చేరాడు. కొన్నాళ్ళకి, మా పీట్‌ని కూడా తీసుకుందామని తెచ్చి చేర్చాడు. 1964లో బ్యాండు పేరు 'ది హూ' అయింది. ఆ ఏడే కీత్ మూన్ అనే డ్రమ్ముల పిడుగు వచ్చి పడ్డాడు. మధ్యలో కొద్ది నెలలు ఇంకో పేరు పెట్టుకుని మళ్ళీ 'ఎవరు'కే వచ్చారు.

ఇంతకీ, బ్యాండు నిలదొక్కుకునేదాకా మన జాన్ కడుపుకి ఏం చేశాడనుకున్నారు? ఆదాయపు పన్ను ఆఫీసులో గుమాస్తాగిరీ! పగలు కాగితాలు, రాత్రి కచేరీలు. ఈ ముక్క చదివినప్పుడు ఆ మనిషి నాకు ఒక్కసారిగా దగ్గరివాడయిపోయాడు. రంగస్థలం మీద ఆ నిలబడ్డ తీరు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు నేను పనిచేసిన ఆఫీసులో చూశాను. పక్క సెక్షనులో అరుపులూ కేకలూ అవుతుంటే తల ఎత్తకుండా తన ఫైలు తాను చూసుకునే హెడ్డు గుమాస్తా ముఖం అది.

అరుపులంటే మామూలు అరుపులు కావు. 1964లో ఒక పానశాల కచేరీలో పీట్ గిటారు పైకెత్తేసరికి చూరు తక్కువై, మెడ విరిగింది. జనం నవ్వారు. అతనికి పౌరుషం వచ్చి మిగతా గిటారు కూడా చితక్కొట్టాడు. అదిగో, అదొక ఆచారమైపోయింది. కచేరీ చివర పీట్ గిటారు బద్దలుకొట్టేవాడు, కీత్ డ్రమ్ములు తన్నేసేవాడు. పెట్టిన డబ్బంతా ముక్కలయ్యేది. ఆ విధ్వంసం నడుమ జాన్ కదలకుండా నిలబడి ఆఖరి స్వరందాకా వాయించేవాడు. బ్యాండువాళ్ళు ముద్దుగా 'ఎద్దు' అని పేరు పెట్టారు. తిండి, తాగుడు, ఓర్పు – మూడింటిలోనూ ఎద్దంత బలమని. కాడి మోసేదీ ఎద్దే కదా అని నాకనిపించింది.

మెల్లగా నిలబడేవాడు మెల్లగా వాయిస్తాడనుకుంటే పొరపాటు. అసలు గోలకి మూలపురుషుల్లో ఆయనొకడు. కీత్ డ్రమ్ముల హోరులో తన వాద్యం తనకే వినబడక, పడమటి లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణానికి వెళ్ళి పెద్ద ఆంప్లిఫయరు, నాలుగు గుండ్ల లౌడుస్పీకరు పెట్టె కొనుక్కున్నాడు. ఇప్పుడు పీట్ గిటారు వినబడటం మానేసింది. పీట్ వెళ్ళి అంతకన్న పెద్దది తెచ్చుకున్నాడు. జాన్ ఇంకొకటి తెచ్చాడు. మన ఊళ్ళో వినాయక చవితికి ఎదురెదురు పందిళ్ళవాళ్ళు మైకులు పెంచుకుంటూ పోవడం చూశారుగా, సరిగ్గా అదే. తేడా ఏమంటే ఈ ఇద్దరూ ఒకే పందిట్లో ఉన్నారు. రాక్ కచేరీల్లో మనిషెత్తు స్పీకర్ల గోడలు లేవడానికి ఈ ఇద్దరు స్నేహితుల పోటీ ఒక ముఖ్య కారణం.

1965 ఆఖర్న 'మై జనరేషన్' పాట వచ్చింది. ఇంగ్లండులో రెండో స్థానందాకా ఎక్కింది. అందులో పాట మధ్యలో గిటారు వాయించాల్సిన చోట గిటారు ఒక మాట అనడం, బేస్ దానికి బదులు చెప్పడం ఉంటుంది. నాలుగు తీగల వాద్యానికి రాక్ సంగీతంలో అలా తనిఆవర్తనం దొరకడం అప్పటికి చాలా కొత్త. ఆ చిన్న ముక్క వెనక ఒక తమాషా ఉంది. జాన్ స్వయంగా చెప్పుకున్నదే. ఆ నాదం కోసం సన్నతీగలుండే డానెలెక్ట్రో అనే అమెరికా వాద్యం కొన్నాడు. తీగ తెగింది. ఆ తీగలు ఇంగ్లండులో విడిగా అమ్మరు! తీగకోసం ఇంకో వాద్యం కొన్నాడు. అదీ తెగింది. మూడోదీ కొన్నాడు. చివరికి విసిగిపోయి, వేరే తీగలు కట్టిన ఫెండర్ మీద వాయించి ముగించాడు. ఒక్క తీగ కోసం వాద్యానికి వాద్యం కొనే బుద్ధి ఎక్కడికి దారితీసిందో ముందుముందు చూస్తారు.

తీగల గొడవ ఆయన అక్కడితో వదల్లేదు. అప్పట్లో బేస్ తీగలకి పైన బల్లపరుపు పట్టీ చుట్టేవారు. వేలికి నున్నగా ఉంటాయి, నాదం మూగగా ఉంటుంది. 1966లో రోటోసౌండ్ అనే తీగల కంపెనీవారితో కూచుని, గుండ్రటి తీగ చుట్టిన కొత్తరకం తయారుచేయించాడు. పియానో అడుగు మెట్లు నొక్కితే వచ్చే గణగణ అందులో వచ్చింది. చిన్నప్పుడు పట్టుబడని పియానో ఇలా ఇంకో దారిన వచ్చి చేరిందనుకోవాలి. ఆ బాణీ తీగలు ఈనాటికీ అమ్ముతూనే ఉన్నారు. మా మేనల్లుడి గిటారుకి ఉన్నవీ గుండ్రటి చుట్టువే.

ఇక వాయించే పద్ధతి. సాధారణంగా బేస్ వాయించేవారు కుడిచేతి రెండు వేళ్ళతో తీగ లాగి వదులుతారు. జాన్ నాలుగు వేళ్ళూ తీగల మీద నిలిపి, టకటకా కొట్టేవాడు. లాగడం, మీటడం, కొట్టడం అన్నీ కలిసిన పద్ధతి. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'టైపు మిషను'! నవ్వొచ్చింది నాకు. గుమాస్తా ఆఫీసు వదిలినా ఆఫీసు గుమాస్తాని వదల్లేదు. వేళ్ళు టైపు కొట్టినట్టు కొడుతుంటే ఒక్కో అక్షరం విడివిడిగా వినబడుతుంది. మా మేనల్లుడు ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నాడట. ఇంతవరకు వాడి చేతిలో అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

విరిగిన వాద్యాలంటే ఆయనకి జాలి కాబోలు. 1967లో పనికిరాకుండా పోయిన అయిదు బేస్ గిటార్ల అవశేషాలు ఏరి, ఒకదాని మెడ, ఒకదాని మొండెం కలిపి ఒక వాద్యం నిలబెట్టాడు. దానికి 'ఫ్రాంకెన్‌స్టైన్' అని పేరు. కొన్నేళ్ళపాటు అదే ఆయన ముఖ్య వాద్యం. స్నేహితులు రోజూ పగలగొడుతూ ఉంటే ఆయన అతికించుకున్న పద్ధతి అది.

పాటలు రాయడంలో మాత్రం పీట్ నీడ ఆయన మీద పడింది. బ్యాండుకి పాటలు రాసేది పీట్. జాన్‌కి రికార్డుకి ఒకటో రెండో దక్కేవి. ఆ ఒకటీ రెండూ విచిత్రమైనవి. 1966లో గోడ మీద పాకే సాలీడు గురించి 'బోరిస్ ది స్పైడర్' రాశాడు. అది చివరికి పుస్తకం కింద నలిగి చస్తుంది. పిల్లల పాటలా మొదలై గగుర్పాటులో ముగుస్తుంది. కచేరీల్లో జనం దాన్ని మళ్ళీ మళ్ళీ అడిగేవారు. 1971లో తప్పతాగి ఇంటికి రావడానికి భార్యకి భయపడే మొగుడి గురించి 'మై వైఫ్' రాశాడు. నవ్వుతాలు, భయం, చావు – ఈ మూడూ కలవని పాట ఆయన దగ్గర అరుదు. 1969లో పీట్ 'టామీ' అనే పెద్ద సంగీత కథ అల్లినప్పుడు, చూపూ వినికిడీ మాటా లేని ఆ పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు హింసించే రెండు ఘట్టాలు రాయడానికి తనకి చెయ్యి రాక జాన్‌కే అప్పగించాడు. ఆ దుర్మార్గం రాయగల మనిషి తమలో ఆయనే అని అందరికీ తెలుసన్నమాట. పైకి కనిపించే ముఖం మీద ఏమీ లేనివాడి లోపల ఏముందో ఈ పాటల్లో కొంత తెలుస్తుంది.

రాసినవన్నీ బ్యాండులో పట్టక, 1971లో సొంతంగా ఒక రికార్డు వేసుకున్నాడు. ఆ నలుగురిలో అలా విడిగా రికార్డు వేసిన మొదటివాడు ఈ నోరులేని మనిషే. తరవాత ఇంకా వేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు. నేను మొదటిది విన్నాను. పాటలు బాగున్నాయి, గొంతు మాత్రం ముందుకి వచ్చి నిలబడదు. రంగస్థలం మీద ఎక్కడ నిలబడ్డాడో గొంతూ అక్కడే నిలబడింది.

1973లో వచ్చిన 'క్వాడ్రఫీనియా' మాట వేరు. అందులో బూరా వాద్యాలన్నీ జాన్ ఒక్కడే వాయించాడు. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా రికార్డు చేసి మొత్తం బ్యాండు మేళం వినిపించాడు. చిన్నప్పటి ఫ్రెంచి హార్న్ చదువు వృథా పోలేదు. 'ది రియల్ మీ' అనే పాట అందులోదే. గాయకుడు పాడుతుంటే కింద బేస్ తన కథ తాను చెప్పుకుపోతుంది. ఒక్క పాట విని ఈ మనిషిని తెలుసుకోవాలనుకుంటే, నా మట్టుకు ఇదే చెబుతాను. 1975 రికార్డుకి అట్ట మీద బొమ్మ కూడా జాన్ వేసిందే. చుక్కలు కలుపుకుంటూ పోతే నలుగురి ముఖాలూ వస్తాయి. ముందు రికార్డు అట్టకి చిన్న ఇల్లంత ఖర్చయిందనీ, తన అట్టకి అయింది కాసిని పౌన్లేననీ ఎకసెక్కం చేసేవాడు.

1969 ఆగస్టులో అమెరికాలోని వుడ్‌స్టాక్ జాతరలో రాత్రంతా కాచుకుని తెల్లవారుజామున అయిదింటికి ఎక్కి, సూర్యుడు పైకి వచ్చేదాకా వాయించారు. 1970లో వైట్ ద్వీపంలో లక్షల జనం ముందు ఆయన అస్థిపంజరం బొమ్మ అచ్చేసిన నల్లదుస్తులు తొడుక్కుని నిలబడ్డాడు. ఆయన వేసిన వేషమంటూ ఉంటే అదొక్కటే. ఇక 1976 మే 31న లండన్‌లో చార్ల్‌టన్ ఫుట్‌బాలు మైదానంలో కచేరీ. 32 మీటర్ల దూరంలో కొలిస్తే 126 డెసిబెల్లు. ప్రపంచంలో అంతకన్న పెద్ద చప్పుడుతో జరిగిన కచేరీ లేదని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది.

32 మీటర్ల దూరంలో అంతయితే ఆ స్పీకర్ల ముందు రోజూ నిలబడేవాడి చెవుల గతి ఏమిటి? కర్ణభేరి వెనక నత్తగుల్ల ఆకారంలో ఒక గది ఉంటుందనీ, అందులో నూగులాంటి కణాలు చప్పుడుకి ఊగి మెదడుకి కబురు చేస్తాయనీ మా చిన్నప్పుడు పాఠాల్లో చదివాం. విపరీతమైన మోతకి ఆ నూగు రాలిపోతుంది. రాలింది మళ్ళీ మొలవదు. పీట్ చెవుల్లో హోరు మొదలై జీవితాంతం పట్టుకుంది. జాన్‌కి చివరి రోజుల్లో వినికిడి చాలామట్టుకు పోయింది. అయినా చేతులు తప్పలేదు. రంగస్థలం వణుకుని బట్టి, నలభై ఏళ్ళ అలవాటుని బట్టి వాయించాడు.

1978 సెప్టెంబరు 7న కీత్ మూన్ పోయాడు. 32 ఏళ్ళు. తాగుడు మాన్పించడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు మోతాదు మించి మింగాడు. నేను డాబామీద విన్న మే నెల కచేరీ అతను ఆ బ్యాండుతో వాయించిన ఆఖరి కచేరీ అన్నమాట. మరుసటి ఏడు డిసెంబరు 3న అమెరికాలో సిన్సినాటిలో, లోపలికి తోసుకొస్తూ గుమ్మాల దగ్గర ఊపిరాడక 11 మంది చనిపోయారు. 1982లో వీడ్కోలు యాత్ర అని చెప్పి విడిపోయారు.

విడిపోవడం పీట్‌కి తేలిక. పాటలు రాసినవాడికి ఆ హక్కుల మీద డబ్బు కూచున్నచోటికి వస్తూ ఉంటుంది. రోజర్‌కి సినిమాలున్నాయి. వాయిస్తేగాని డబ్బు రానివాడు జాన్. ఆదాయం అలా ఉంటే ఖర్చు ఎలా ఉండాలి? గ్లాస్టర్‌షైర్‌లో స్టో అనే ఊరి దగ్గర రాణీగారి కాలంనాటి పెద్ద కోటలాంటి మేడ 1970ల్లోనే కొన్నాడు. లోపల యుద్ధవీరుల ఇనుప కవచాలు, పట్టిన పెద్ద పెద్ద చేపల ఆకారాలు, గోడల నిండా వందలకొద్దీ వాద్యాలు. కార్లు సరే. తీగకోసం వాద్యం కొన్న కుర్రవాడు పెద్దవాడయ్యాడు, అంతే. లోకుల పన్నులు లెక్కకట్టిన గుమాస్తా ఇంటి జమాఖర్చు ఏనాడూ కట్టుకోలేదు. కట్టుకోకపోవడమే కాదు, 1990ల్లో బ్యాండు మళ్ళీ ఊరూరా తిరగడానికి జాన్ అప్పులు ఒక కారణమని పీట్ స్వయంగా చెప్పాడు.

ఈ ముక్క తెలిశాక నాకు ఆ ముగ్గురి మీద గౌరవం పెరిగింది. చెవుల్లో హోరుతో బాధపడుతూ, మళ్ళీ ఆ స్పీకర్ల ముందుకి రాకూడదనుకున్న పీట్, బళ్ళోనాటి స్నేహితుడి కోసం వచ్చి నిలబడ్డాడు.

2000 నవంబరు 27న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో '5:15' అనే పాట మధ్యలో జాన్‌కి ఒంటరిగా వదిలేశారు. వీలుంటే అది చూడండి. జుట్టు నెరిసింది. నిలబడ్డ తీరు మాత్రం మారలేదు. నాలుగు తీగల మీద వేళ్ళు టైపు కొడుతూ, పిడుగులు దొర్లిస్తూ, చివరికి సభ లేచి నిలబడితే ముఖంలో ఒక్క చిన్న చిరునవ్వు.

2001 అక్టోబరు 20న, న్యూయార్కు జంట భవనాల ఘోరం తరవాత అగ్నిమాపకదళంవారికీ పోలీసులకీ గౌరవంగా జరిగిన పెద్ద కచేరీలో వాయించారు. 2002 ఫిబ్రవరి 8న మళ్ళీ ఆల్బర్ట్ హాలు. అది ఆయన ఆఖరి కచేరీ.

ఆ జూన్ 28న అమెరికా యాత్ర లాస్ వెగాస్‌లో మొదలు కావాలి. 27న హోటలు గదిలో జాన్ చనిపోయి కనిపించాడు. 57 ఏళ్ళు. గుండె నాళాల జబ్బు అప్పటికే ముదిరి ఉంది. దాని మీద ఆ రాత్రి తీసుకున్న కొకైన్ గుండె ఆగడానికి కారణమైందని శవపరీక్ష చేసినవారు తేల్చారు. గుండె అలా ఉన్న మనిషి ఆ పాడు పొడి ముట్టడమేమిటని కోపం వస్తుంది. నాకూ వచ్చింది. కాని అంతదాకా ఇష్టంగా చదువుకుంటూ వచ్చిన మనిషి మీద వచ్చే కోపం కోపంలా నిలవదు.

రెండు కచేరీలు ఆపుకుని, నాలుగో రోజున, జులై 1న, హాలీవుడ్ బౌల్‌లో యాత్ర మొదలుపెట్టారు. పీనో పల్లడీనో అనే వేల్స్ దేశస్థుడు బేస్ అందుకున్నాడు. ఆయన మహా దిట్ట. జాన్ చోట నిలబడ్డాడు కాని జాన్‌లా వాయించే ప్రయత్నం చెయ్యలేదు. అదే మర్యాద అని నా అభిప్రాయం. మనిషి మట్టిలో కలవకుండానే కచేరీయా అని చాలామంది ఏవగించుకున్నారు. మా ఇళ్ళల్లో అయితే పన్నెండో రోజుదాకా గడప దాటరు. నాటకసమాజాల్లో పెరిగినవాళ్ళు మాత్రం వేరేగా అంటారు: తెర లేచే వేళకి లేవాల్సిందే అని. జులై 10న స్టోలోని చర్చిలో అంత్యక్రియలు జరిగాయి.

2003 మేలో లండన్ సోదబీస్ సంస్థలో ఆయన గిటార్లూ, బూరాలూ, చేపలూ వేలానికి వచ్చాయి. ఫ్రాంకెన్‌స్టైన్ కూడా. తండ్రి ఆస్తి మీద ప్రభుత్వానికి కట్టవలసిన పన్ను కోసమే కొడుకు వాటిని అమ్మకానికి పెట్టాడట. పన్ను! కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూచున్నాను.

ఇదంతా ఒక మధ్యాహ్నం వీధి వరండాలో మేనల్లుడికి చెబుతున్నాను. వాడికి వాద్యం సంగతులు తెలుసుకాని ఈ పన్నాఫీసు కథ తెలియదు. అమ్మ వింటున్నదని మేమనుకోలేదు.

"వాళ్ళమ్మ ఉందా అప్పటికి?" అంది.

"ఉందమ్మా. 2011 దాకా ఉంది."

"పియానో నేర్పినావిడే?"

"ఆవిడే."

అమ్మ మరేమీ అడగలేదు. చేటలో మిగిలిన చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది.